పిల్లి ఎదకు వచ్చినప్పుడు: ఇంటివారు గుర్తించవలసిన లక్షణాలు

అర్ధరాత్రి దాటిన తరువాత మెట్ల కిందనో, మేడ మీదనో పసిబిడ్డ ఏడ్చినట్లు వినిపించే పిల్లి అరుపును అపశకునంగా తలచేవారు తెలుగు ఇళ్లలో నేటికీ ఉన్నారు. ఆ పిల్లికి ఎక్కడో దెబ్బ తగిలిందని కొందరు, కడుపునొప్పి వచ్చిందని కొందరు, పిచ్చి పట్టిందని మరికొందరు అనుకుంటారు. వయసు వచ్చిన ఆడపిల్లి విషయంలో చాలాసార్లు అసలు కారణం ఇవేవీ కావు. ఆ పిల్లి ఎదకు వచ్చింది. అది శకునమూ కాదు, రోగమూ కాదు. ప్రకృతి నియమం మాత్రమే.

ఈ చిన్న విషయం తెలియకపోవడం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. అరుపు భరించలేక ఒక్క రాత్రికి పిల్లిని తలుపు బయట వదిలిన ఇంట్లో సుమారు 9 వారాల తరువాత నాలుగు కూనలు కళ్లు మూసుకుని పడి ఉంటాయి. రెండు గదుల అద్దె ఇంట్లో వాటికి చోటు ఉండదు. అడిగినవారెవరూ తీసుకోరు. చివరకు అవి అట్టపెట్టెలో చేరి చెత్తకుండీ పక్కనో, చేపల బజారు దగ్గరో మిగిలిపోతాయి. తల్లిపాలు అందని కూనలు అక్కడ బతికేది చాలా అరుదు. ఎద లక్షణాలను మొదటిరోజే గుర్తించగలిగితే ఈ వరుస మొత్తం మొదలే కాదు.

పాడి పశువులను ఎరిగిన కుటుంబాలకు ‘ఎద’ అన్న మాట కొత్తది కాదు. పెరంబూరు, వ్యాసర్పాడి, వాషర్‌మన్‌పేట వంటి చెన్నై పేటలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి ఇళ్లలోనూ ఆవు తీగలు వేయడం, గేదె మూగ ఎదకు రావడం గురించి చెప్పగల పెద్దలు ఉంటారు. ఆ అనుభవం పిల్లి విషయంలో కొంత ఉపకరిస్తుంది, కొంత దారి తప్పిస్తుంది. ఆవుకు, గేదెకు సుమారు 21 రోజులకు ఒకసారి ఎద వచ్చి, ఇంచుమించు ఒక రోజులో ముగుస్తుంది. పిల్లికి అది వారం రోజుల వరకు సాగుతుంది, ముగిసిన కొద్ది రోజులకే తిరిగి రాగలదు. ఆవులో కనిపించే తీగలు పిల్లిలో కనిపించవు. ఆడకుక్కలో వలె రక్తమూ కనిపించదు. గేదె ఎద మూగది కావచ్చు. పిల్లి ఎద మాత్రం వీధి మొత్తానికి వినిపిస్తుంది.

ఏ వయసులో, ఏ కాలంలో

ఆడపిల్లి సాధారణంగా 6 నుండి 9 నెలల వయసులో మొదటిసారి ఎదకు వస్తుంది. కొన్ని పిల్లులు 4 నెలలు నిండగానే రావచ్చు, కొన్ని ఏడాది దాటేవరకు రాకపోవచ్చు. సయామీ వంటి పొట్టి వెంట్రుకల జాతులు త్వరగాను, పర్షియన్ వంటి గుబురు వెంట్రుకల జాతులు ఆలస్యంగాను ఈడేరతాయి. మన ఇళ్లలో తిరిగే నాటు పిల్లులలో ఆరో నెల నుండి జాగ్రత్త అవసరం. ఇంకా కూనగానే కనిపిస్తున్నది కదా అని ఏమరిపాటుగా ఉండడమే అనేక ఇళ్లలో జరిగే పొరపాటు. రెండు, రెండున్నర కిలోల బరువున్న చిన్న పిల్లి సైతం చూలు కట్టగలదు.

కాలాన్ని నిర్ణయించేది వెలుతురు. పగటి వెలుతురు రోజుకు సుమారు 12 గంటలు లేదా అంతకు మించి ఉన్నప్పుడు పిల్లి శరీరం ఎదకు సిద్ధమవుతుంది. చలిదేశాలలో శీతకాలపు పగళ్లు బాగా కురచ కనుక అక్కడి పిల్లులకు కొన్ని నెలల విరామం దొరుకుతుంది. చెన్నైలో ఏడాదిలోని అతి చిన్న పగలు సైతం 11 గంటలకు మించి ఉంటుంది, అతి పెద్ద పగలు 13 గంటలకు కొంచెం తక్కువ. దానికి తోడు ఇంట్లో రాత్రి పది, పదకొండు గంటల దాకా విద్యుద్దీపాలు వెలుగుతూనే ఉంటాయి. కనుక దక్షిణాది నగరాలలో ఇంటి పిల్లి ఏ నెలలోనైనా ఎదకు రావచ్చు. “ఇది కాలం కాదు” అన్న భరోసా ఇక్కడ పనికిరాదు.

కనిపించే లక్షణాలు

మొదటి ఒకటి రెండు రోజులలో మార్పు స్వల్పంగా ఉంటుంది. పిల్లి మామూలుకంటే ఎక్కువ ముద్దు చేస్తుంది. కాళ్లకు, కుర్చీలకు, తలుపు అంచులకు తలను, బుగ్గలను రుద్దుతుంది. ఇంటివారిని వదలక వెంట తిరుగుతుంది. పిల్లికి ప్రేమ పెరిగిందని ఇంటివారు సంతోషించే రోజులు ఇవి. ఈ దశలో గండుపిల్లులు దాని చుట్టూ చేరవచ్చు గాని, అది వాటిని ఇంకా దగ్గరకు రానీయదు.

ఆ తరువాత ఎద పూర్తిగా బయటపడుతుంది. అప్పటి లక్షణాలు ఇవి.

అరుపు: ఆకలికి అరిచే చిన్న ‘మ్యావ్’ కాదు. గొంతు లోతు నుండి దీర్ఘంగా సాగే పిలుపు. కొన్ని నిమిషాలపాటు ఆగకుండా సాగి, కొంత విరామం తరువాత మళ్లీ మొదలవుతుంది. రాత్రివేళ ఎక్కువ. చుట్టుపక్కల ఉన్న గండుపిల్లులకు కబురు పంపడమే దాని పని.

దొర్లడం: నేల మీద పడి అటూ ఇటూ దొర్లుతుంది, వెన్ను రుద్దుకుంటుంది, మెలికలు తిరుగుతుంది. మొదటిసారి చూసినవారు నొప్పితో గిలగిలలాడుతున్నదని భయపడేది ఇక్కడే.

నిలిచే తీరు: ఇదే అన్నింటికంటే నమ్మదగిన గుర్తు. పిల్లి ముందుకాళ్లను వంచి, రొమ్మును నేలకు ఆనించి, వెనుక భాగాన్ని పైకెత్తుతుంది. తోకను ఒక పక్కకు తప్పిస్తుంది. వెనుక కాళ్లతో ఉన్నచోటనే తొక్కుతున్నట్లు అడుగులు వేస్తుంది. నడుము చివర, తోక మొదలుకు ముందున్న భాగాన్ని చేత్తో మెల్లగా నిమిరితే ఈ భంగిమ వెంటనే కనిపిస్తుంది.

మూత్రం: మాటిమాటికీ మూత్రానికి వెళుతుంది. గోడకు, తలుపుకు, పరదాకు వీపు చేసి నిలబడి, తోకను ఆడిస్తూ మూత్రం చిమ్ముతుంది. ఆ వాసన ఘాటుగా ఉంటుంది. చక్కగా ఇసుక తొట్టికి అలవాటుపడిన పిల్లి హఠాత్తుగా ఇలా చేస్తే అది మొండితనం కాదు. మూత్రపు వాసన కూడా గండుపిల్లులకు పంపే కబురే.

శుభ్రపరచుకోవడం: జననాంగాన్ని పదేపదే నాకుతుంది. కొద్దిగా వాపు కనిపించవచ్చు, చాలాసార్లు ఏ మార్పూ కంటికి తెలియదు.

ఆకలి, తొందర: తిండి తగ్గుతుంది. తలుపు తీస్తే దూసుకుపోవాలని చూస్తుంది. కిటికీ తెరలను గీరుతుంది. ఎన్నడూ గడప దాటని పిల్లి సైతం ఆ రోజులలో మూడో అంతస్తు వసారా నుండి దూకడానికి ప్రయత్నించవచ్చు.

వాకిలి వద్ద అతిథులు: ఇంతకుముందు కనిపించని గండుపిల్లులు మెట్ల దగ్గర, గోడ మీద కాపు కాస్తాయి. అవి పోట్లాడుకోవడం, గుమ్మం వద్ద మూత్రం చిమ్మడం మొదలైతే లోపలి పిల్లి సంగతి బయటివారికే ముందుగా తెలిసినట్లు.

అన్ని పిల్లులూ ఈ లక్షణాలన్నింటినీ చూపవు. కొన్ని బిడియపు పిల్లులు అరవకుండా, తిండి తగ్గించి, తోక పక్కకు తిప్పడంతోనే సరిపెడతాయి. కనుక ఒక్క అరుపు మీద ఆధారపడక, నిలిచే తీరును కూడా చూడాలి.

ఎద కాక జబ్బు అయితే

ఎదను జబ్బుగా భ్రమించడం వల్ల డబ్బు, నిద్ర మాత్రమే పోతాయి. జబ్బును ఎదగా భ్రమిస్తే ప్రాణమే పోవచ్చు. కనుక ఈ భేదం ఇంటివారికి స్పష్టంగా తెలిసి ఉండాలి.

ఎదలో ఉన్న పిల్లి మనిషి చేతిని కోరుకుంటుంది. నడుము మీద చేయి వేస్తే వెనుక భాగాన్ని ఎత్తి చూపుతుంది. దొర్లిన తరువాత చక్కగా లేచి నడుస్తుంది, ఎగురుతుంది, కళ్లు చురుకుగా ఉంటాయి. నొప్పితో ఉన్న పిల్లి చేతిని తప్పించుకుంటుంది. ముట్టుకుంటే బుస కొడుతుంది, కరుస్తుంది. మంచం కింద, బీరువా వెనుక దాగి బయటికి రాదు.

మూత్రం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఎదలో పిల్లి మూత్రాన్ని చిమ్ముతుంది, కాని మూత్రం వస్తుంది. తొట్టిలో చాలాసేపు కూర్చుని ముక్కుతూ చుక్కలు మాత్రమే పోయడం, మూత్రంలో రక్తం కనిపించడం మూత్రకోశ వ్యాధికి గుర్తులు. గండుపిల్లికి మూత్రం పూర్తిగా ఆగిపోతే అది ఒకటి రెండు రోజులలో ప్రాణాంతకమవుతుంది.

ఆడపిల్లి జననాంగం నుండి రక్తం గాని, చీము గాని, దుర్వాసన గల ద్రవం గాని కారడం ఎద లక్షణం ఎంతమాత్రం కాదు. ఎద ముగిసిన కొన్ని వారాల తరువాత పిల్లి మందకొడిగా మారి, తిండి మాని, నీళ్లు ఎక్కువగా తాగుతూ, పొట్ట ఉబ్బితే గర్భాశయంలో చీము చేరి ఉండవచ్చు. కొన్నిసార్లు చీము బయటికి కారకుండా లోపలే నిలిచిపోతుంది, అప్పుడు అపాయం మరింత ఎక్కువ. ఈ స్థితిలో ఒక్క రాత్రి కూడా ఆలస్యం చేయరాదు. అదే విధంగా ఒక రోజు దాటి ఏమీ తినకపోవడం, పదేపదే వాంతులు, వెనుక కాళ్లు ఈడ్చడం, నోరు తెరచి ఊపిరి తీయడం వంటివి కనిపిస్తే వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

ఎన్ని రోజులు, ఎన్నిసార్లు

ఒక్కొక్క ఎద సాధారణంగా వారం రోజులు ఉంటుంది. కొన్నింటిలో రెండు మూడు రోజులకే ముగియవచ్చు, కొన్నింటిలో రెండు వారాలకు పైగా సాగవచ్చు. గండుపిల్లితో కలయిక జరగకపోతే ఎద సద్దుమణిగి, ఒకటి నుండి మూడు వారాలలో మళ్లీ వస్తుంది. అంటే నెలలో సగం రోజులు అరుపులతో గడిచే ఇళ్లు ఉండడంలో ఆశ్చర్యం లేదు.

దీనికి కారణం పిల్లి శరీర ధర్మం. ఆవులో, కుక్కలో అండం కలయికతో నిమిత్తం లేకుండా తనంతట తానే విడుదలవుతుంది. పిల్లిలో సాధారణంగా కలయిక జరిగిన తరువాతనే, ఆ ప్రేరణతో, ఒకటి రెండు రోజులలో అండాలు విడుదలవుతాయి. కలయిక లేనంతకాలం శరీరం మళ్లీ మళ్లీ సిద్ధమవుతూనే ఉంటుంది. ఈ ఏర్పాటు వల్ల మరొక ఫలితం కూడా ఉంది. కలయికకు, అండం విడుదలకు సమయం ఇంత చక్కగా కుదరడం వల్ల పిల్లి చూలు కట్టకుండా తప్పించుకోవడం అరుదు. ఒకే ఎదలో పలు గండుపిల్లులతో కలిస్తే ఒకే ఈతలో పుట్టిన కూనలకు వేర్వేరు తండ్రులు ఉండవచ్చు. ఒకటి నలుపు, ఒకటి పసుపు, ఒకటి చారలది ఎలా పుట్టాయన్న ప్రశ్నకు కొన్నిసార్లు ఇదే జవాబు.

చూలు కాలం సుమారు 63 నుండి 65 రోజులు. ఈతకు సగటున నాలుగు కూనలు. కూనలు పాలు తాగుతుండగానే తల్లి మళ్లీ ఎదకు రాగలదు. ఈ లెక్కన అదుపు లేని ఒక పిల్లి ఏడాదిలో రెండు మూడు ఈతలు ఈనుతుంది. “పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పినట్లు” అన్న సామెత పెద్ద లోగిళ్లు, గడ్డివాములు, అటకలు ఉన్న ఊళ్లలో పుట్టినది. ఏడు ఇళ్లకూ ఇనుప తలుపులు ఉన్న నగరంలో ఆ తల్లికి కూనలను దాచుకునే చోటు దొరకదు.

ఆ రోజులలో చేయవలసినవి

మొదటిది, ద్వారబంధనం. లక్షణం కనిపించిన గంట నుండి పిల్లిని ఇంట్లోనే ఉంచాలి. ఇంటిలోని పిల్లలకు, పనిమనిషికి, పాలు పేపరు వేసేవారికి తలుపు విషయం ముందుగా చెప్పాలి. దోమతెరను పిల్లి గోళ్లతో చీల్చగలదు కనుక కిటికీకి, వసారాకు ఇనుప జాలీ మేలు. ఇంట్లో ఆపరేషన్ కాని గండుపిల్లి కూడా ఉంటే రెండింటినీ వేర్వేరు గదులలో ఉంచి తలుపు వేయాలి. అవి అన్నాచెల్లెళ్లని, తల్లీకొడుకులని ఉపేక్షించరాదు. పిల్లులకు ఆ వావివరసలు లేవు. ఒకే ఈతలో పుట్టిన ఆడ, మగ కూనలను నాలుగైదు నెలల వయసు నుండే వేరుచేయడం క్షేమం.

రెండవది, ఉపశమనం. పగలు ఆడించి అలసిపోయేటట్లు చేస్తే రాత్రి అరుపు కొంత తగ్గుతుంది. వీధి కనిపించే కిటికీని మూసి, లోపలి గదిలో మెత్తని గుడ్డ పరచి, సాయంత్రం నుండి దీపాలు తగ్గిస్తే కొన్ని పిల్లులు నెమ్మదిస్తాయి. ఇసుక తొట్టిని రోజుకు రెండుసార్లు శుభ్రపరిస్తే గోడల మీద మూత్రం చిమ్మడం కొంత తగ్గవచ్చు. చిమ్మినచోటును సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. నిమరమని అడిగితే తల, మెడ నిమరవచ్చు. నడుము చివర నిమిరితే ఎద మరింత రెచ్చుతుంది.

మూడవది, తారీఖు రాయడం. ఎద మొదలైన రోజు, ముగిసిన రోజు గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోవాలి. తదుపరి ఎద ఎప్పుడు రావచ్చో, ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో, ఒకవేళ తప్పించుకుని వెళ్లివస్తే చూలు వయసు ఎంతో ఆ గుర్తే చెబుతుంది.

చేయకూడనివి

పిల్లిని కొట్టడం, నీళ్లు చల్లడం, గోనెసంచిలో కట్టివేయడం వల్ల అరుపు ఆగదు. అది ఆ పిల్లి చేతిలో ఉన్న పని కాదు.

మందుల దుకాణంలో దొరికే స్త్రీల గర్భనిరోధక మాత్రలను పిల్లికి వేయరాదు. ఎదను ఆపే హార్మోను సూదులు, మాత్రలు పశువైద్యుని సలహా లేకుండా పదేపదే వాడితే గర్భాశయంలో చీము, రొమ్ములలో గడ్డలు, మధుమేహం రాగలవు. నొప్పి అనుకుని పారాసెటమాల్ వేయడం అన్నింటికంటే ప్రమాదం. మనిషికి మామూలైన ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. నిద్రమాత్రల విషయంలోనూ సొంత వైద్యం కూడదు.

కలయిక జరిగినట్లు శరీరాన్ని భ్రమింపజేయడానికి పుల్లలతో, దూదితో ప్రయత్నించమని కొందరు చెబుతారు. అది గాయానికి, పుండుకు దారితీస్తుంది. ఇంటివారు దాని జోలికి పోరాదు.

తప్పించుకుని వెళ్లివస్తే

ఎంత జాగ్రత్త పడినా పిల్లి ఒక్క క్షణంలో తప్పించుకుపోవచ్చు. తిరిగి వచ్చినప్పుడు మెడ వెనుక వెంట్రుకలు తడిగా, చిందరవందరగా ఉన్నాయా, పంటి గాట్లు ఉన్నాయా చూడాలి. కలయికలో గండుపిల్లి ఆడపిల్లి మెడను పళ్లతో పట్టుకుంటుంది. కలయిక జరిగి అండాలు విడుదలైతే ఆ తరువాత ఒకటి రెండు రోజులలో ఎద సద్దుమణుగుతుంది. ఆ నెమ్మదిని చూసి గండం గడిచిందనుకోరాదు.

మూడు వారాలు దాటినా మళ్లీ ఎద రాకపోవడం, చనుమొనలు గులాబి రంగుకు తిరిగి ఉబ్బడం చూలుకు తొలి గుర్తులు. ఐదో వారానికి పొట్ట తెలుస్తుంది. కొన్నిసార్లు కలయిక జరిగినా చూలు నిలవదు, అప్పుడు సుమారు నెలన్నర తరువాత ఎద తిరిగి వస్తుంది. కనుక ఊహ మీద ఆధారపడక, మూడు నాలుగు వారాలకు పశువైద్యుని చేత పరీక్ష చేయించాలి. కూనలను పెంచే స్థోమత లేనివారికి తొలి వారాలలోనే ఆపరేషన్ చేయించే వీలు ఉండవచ్చు. ఆలస్యమైన కొద్దీ ఆ నిర్ణయం పిల్లికీ, ఇంటివారికీ కష్టమవుతుంది.

శాశ్వత పరిష్కారం

ఎదను ఆపేందుకు సురక్షితమైన, శాశ్వతమైన మార్గం ఆపరేషన్. మత్తు ఇచ్చి అండాశయాలను, సాధారణంగా గర్భాశయాన్ని కూడా తొలగిస్తారు. నాలుగైదు నెలల వయసు నుండి, మొదటి ఎద రాకముందే చేయించవచ్చు. “ఒక్క ఈత ఈనితేనే ఆరోగ్యం” అన్న నమ్మకానికి ఆధారం లేదు. నిజం అందుకు విరుద్ధం. ఏడాదిలోపు ఆపరేషన్ అయిన పిల్లులకు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం ఎంతో తగ్గుతుంది. గర్భాశయం తొలగించిన పిల్లికి అందులో చీము చేరే భయం ఉండదు.

ఎదలో ఉండగా ఆపరేషన్ అసాధ్యం కాదు. అయితే ఆ రోజులలో గర్భాశయానికి రక్తప్రసారం ఎక్కువ కనుక, ఎద ముగిసేవరకు ఆగమని పలువురు వైద్యులు చెబుతారు. ఇక్కడే చాలామంది అవకాశాన్ని జారవిడుస్తారు. అరుపు ఆగగానే ఇల్లు నిశ్శబ్దమవుతుంది, ఆపరేషన్ మాట మరుగున పడుతుంది. మూడు వారాలైనా గడవకముందే మరో ఎద వస్తుంది. కనుక అరుపు సాగుతున్న రోజులలోనే ఆసుపత్రికి వెళ్లి తేదీ తీసుకోవడం వివేకం.

ఆపరేషన్‌కు ముందు ఎన్ని గంటలు ఆహారం ఆపాలో వైద్యుని అడిగి పాటించాలి. చిన్న కూనలకు ఆ వ్యవధి తక్కువ. పిల్లిని చేతులలో కాక, మూత ఉన్న, గాలి ఆడే బుట్టలో తీసుకుపోవాలి. ఇంటికి వచ్చిన తరువాత 10 నుండి 14 రోజులు కుట్లను నాకకుండా మెడకు గరాటు పట్టీ ఉంచాలి. ఆ తరువాత పిల్లికి ఆహారం మునుపటికంటే కొంచెం తగ్గించి పెట్టాలి. ఆపరేషన్ అయిన పిల్లులు లావెక్కడానికి తిండి కొలత మారకపోవడమే ముఖ్య కారణం. ఆపరేషన్ తరువాత కొన్ని నెలలకు ఎద లక్షణాలు మళ్లీ కనిపిస్తే అండాశయపు ముక్క మిగిలి ఉండవచ్చు, వైద్యునికి చూపించాలి.

ఆసుపత్రిలో చెప్పవలసిన మాటలు

చెన్నైలో వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల 1903లో ఏర్పడినది. దాని బోధనాసుపత్రిలో పెంపుడు జంతువులకు చికిత్స చేస్తారు. ఇక్కడ గాని, దగ్గరలోని మరో ప్రభుత్వ పశువైద్యశాలలో గాని తెలుగు తెలిసినవారు ఎల్లప్పుడూ ఉండకపోవచ్చు. తమిళం కొత్తగా నేర్చుకుంటున్నవారికి కొన్ని మాటలు అక్కరకు వస్తాయి. పశువైద్యశాలను ‘కాల్‌నడై మరుత్తువమనై’ అంటారు. పిల్లి ‘పూనై’, ఎద ‘సినైప్పరువం’, చూలు ‘సినై’, సంతాన నిరోధక ఆపరేషన్ ‘కరుత్తడై అరువై సికిచ్చై’, టీకా ‘తడుప్పూసి’. వీటితోపాటు పిల్లి వయసు, ఎద మొదలైన తేదీ, బయటికి వెళ్లిందా లేదా అన్న వివరం చెబితే వైద్యునికి సగం పని తీరుతుంది. అదే రాకపోకలో పిచ్చికుక్క వ్యాధి టీకా గురించి కూడా అడగాలి. ఆ వ్యాధి పిల్లి కాటు వల్ల, గోటి గాటు వల్ల కూడా మనిషికి సోకగలదు.

ఇరుగుపొరుగు, వీధి పిల్లులు, చట్టం

అపార్ట్‌మెంటులో ఒక పిల్లి ఎద పది ఇళ్ల నిద్రను చెడగొడుతుంది. మౌనంగా ఉండి తిట్లు తినడంకంటే, పక్కింటివారికి సంగతి చెప్పి, వారం రోజులలో సద్దుమణుగుతుందని, ఆపరేషన్‌కు తేదీ తీసుకున్నామని తెలియజేయడం మర్యాద. కారణం తెలిసిన శబ్దాన్ని మనుషులు కొంత ఓర్చుకుంటారు.

మెట్ల దగ్గర అందరూ అన్నం పెట్టే పిల్లి ఎవరి సొంతమూ కాదు కనుక దాని ఆపరేషన్ కూడా ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. అన్నం పెట్టే నాలుగు ఇళ్లవారు ఖర్చు పంచుకుంటే ఆ భారం స్వల్పమే. ఆపరేషన్ చేసిన వీధి పిల్లిని మళ్లీ పట్టుకోకుండా ఉండేందుకు గుర్తుగా చెవి కొసను కొద్దిగా కత్తిరించే పద్ధతి ఉంది. అటువంటి చెవి గల పిల్లిని చూసినప్పుడు దానిని గాయమని భావించనక్కరలేదు.

జంతు హింస నివారణ చట్టం, 1960, సెక్షన్ 11 ప్రకారం ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును సరైన కారణం లేకుండా విడిచిపెట్టడం నేరం. కూనలను పెట్టెలో పెట్టి వీధిలో వదలడం ఈ కిందికే వస్తుంది. విషం పెట్టి జంతువును చంపడం భారతీయ న్యాయ సంహిత, 2023, సెక్షన్ 325 కింద 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించదగిన నేరం. అరుపు భరించలేక కోపంలో చేసిన పనికి కూడా ఈ చట్టాలు వర్తిస్తాయి.

అయితే చట్టం కూనలు పుట్టిన తరువాత వచ్చేది. ఇంటివారి చేతిలో ఉన్నది అంతకు ముందటి వారం. తోకను పక్కకు తిప్పి, నడుమెత్తి, గొంతెత్తి పిలుస్తున్న పిల్లిని చూసిన వెంటనే తలుపు మూసి, క్యాలెండరు మీద తారీఖు రాసి, ఆసుపత్రిలో రోజు అడిగిన ఇంట్లో ఆ అరుపు అదే చివరిది కావచ్చు.